నాన్నగారి తుపాకీ, డల్లాస్ బావ వాదన

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఏడు నెలలైంది. ఆయన పేరు మీద లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఇంకా బీరువాలోనే ఉంది. ఆయుధం ఉంచుకోవడం ప్రాథమిక హక్కు, గాంధీ కూడా ఆయుధాల చట్టాన్ని తిట్టాడు అంటున్నాడు డల్లాస్‌లో ఉన్న మా బావ. నిజమేనా? (గుంటూరు జిల్లా పాఠకుడు)

జవాబు: ముందు బీరువా సంగతి చూద్దామండీ. లైసెన్స్ నాన్నగారితోనే పోయింది, కాబట్టి ఇప్పుడది లైసెన్స్ లేని తుపాకీ కిందే లెక్క, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దానికి కనీసం 2 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 5 ఏళ్లు జైలు. వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేసి, తూటాలు కూడా లెక్క రాసి డిపాజిట్ చేసేయండి, రసీదు మర్చిపోవద్దు. తర్వాత వారసుడిగా కలెక్టర్‌గారికి అప్లికేషన్ పెట్టుకోవచ్చు, 2016 నాటి ఆయుధాల రూల్స్‌లో ఆ వీలుంది.

ఇక బావగారి మాట. అక్కడ అమెరికా రాజ్యాంగంలో ఆయుధం ఉంచుకునే హక్కు గురించి చెప్పే 1791 నాటి రెండో సవరణ ఉంది, అది వ్యక్తికి ఉన్న హక్కేనని 2008లో వాళ్ల సుప్రీం కోర్టు తేల్చింది కూడా. మన కథ వేరు. 1878లో వైస్రాయ్ లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టం మనవాళ్లకి లైసెన్స్ కావాలంది, తెల్లవాళ్లకి అక్కర్లేదంది, మంట అక్కడ పుట్టింది. 1887 మద్రాసు కాంగ్రెస్‌లోనే దాని మీద తీర్మానం చేశారు. గాంధీగారు తిట్టింది నిజమే కానీ 1918లో, గుజరాత్‌లోని ఖేడాలో బ్రిటిష్ సైన్యానికి మనుషుల్ని చేర్చుతూ, ఆ చట్టం పోవాలంటే సైన్యంలో చేరి ఆయుధం పట్టడం నేర్చుకోండి అని చెప్పిన సందర్భంలో, ఆ రెండో సగం వాట్సాప్‌లో ఎవరూ పంపరు లెండి! 1931 కరాచీ కాంగ్రెస్ అయితే నియమాలకి లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు పౌరులందరికీ ఉండాలని రాసుకుంది.

దాన్నే పట్టుకుని 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ సవరణ పెట్టాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. నేరాలే వృత్తిగా పెట్టుకున్నవాళ్లకి కూడా ఈ హక్కు ఇస్తామా అని అడిగి, అసలు కావాల్సింది హక్కు కాదు, దేశానికి ఆపదొస్తే ఆయుధం పట్టే బాధ్యత అన్నాడు. సవరణ వీగిపోయింది. ఇప్పటి 19వ అధికరణంలో గుమిగూడే హక్కు కూడా ఆయుధాలు లేకుండానే అని ఉంటుంది చూడండి. నన్నడిగితే కామత్ బాధ న్యాయమైందే, కానీ ఆ రోజు ఓటుంటే నేను అంబేద్కర్‌కే వేసేవాణ్ణి.

అందుకని అప్లికేషన్‌లో హక్కు అని రాయకండి, పంటకి అడవిపందుల బెడదో మరోటో ఉన్న అవసరం రాయండి. కాదంటే అప్పీల్ ఉంది.