రాత్రి బండెక్కే మేనల్లుడికి

ఒరే అల్లుడూ,

పాల వ్యాను డ్యూటీలో చేరావనీ, రాత్రి ఒంటిగంటకి విజయవాడలో లోడెత్తి తెల్లారేలోగా గుంటూరులో దించాలనీ అక్క చెప్పింది. బండి తోలడం నేను నేర్పేదేం లేదు. కానీ ఆటోనగర్ లారీ డ్రైవర్ల కళ్ళు పరీక్షిస్తూనే నా సర్వీసంతా గడిచింది కదా, నాకు తెలిసింది కాస్త చెబుతాను. కంటితో వచ్చిన చిక్కేంటంటే, కనపడనిదాన్ని కనపడలేదని అది చెప్పదు. అంతా కనిపిస్తున్నట్టే ఉంటుంది.

లోడింగ్ దగ్గర లైట్లు భగభగలాడుతుంటాయి. అక్కణ్ణుంచి తిన్నగా రోడ్డెక్కకు. చీకట్లోకి రాగానే కంటిపాప పెద్దదవుతుంది, నిజమే. నీ వయసులో 2 మిల్లీమీటర్ల నుంచి 8 దాకా విచ్చుకుంటుంది. దానివల్ల లోపలికొచ్చే వెలుతురు పెరిగేది మహా అయితే 16 రెట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండకీ ఒట్టి చుక్కల వెలుతురుకీ తేడా వంద కోట్ల రెట్ల దాకా ఉంటుంది. మిగతా సర్దుబాటు ఎక్కువగా కంటి వెనకున్న రెటీనా అనే పొరలో జరగాలి, అది నింపాదిగా జరుగుతుంది. పగటి చూపుకి అక్కడ కోన్ కణాలు 60 లక్షల దాకా, రాత్రి చూపుకి రాడ్ కణాలు 12 కోట్ల దాకా ఉంటాయి. రాడ్ కణాల్లోని రొడాప్సిన్ అనే రంగు పదార్థం వెలుగు తగిలితే విరిగిపోయి, చీకట్లో మళ్ళీ తయారవుతుంది. కోన్‌లు పది నిమిషాల్లో తేరుకుంటాయి, రాడ్‌లకి అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. అదంతా పాడుచేయడానికి ఎవడి హైబీమైనా చాలు.

నమ్మకం లేకపోతే ఇంట్లో చూసుకో. రాత్రి లేచినప్పుడు ఒక కన్ను అరచేత్తో గట్టిగా మూసి, లైటేసుకుని రెండు నిమిషాలుండు. లైటార్పి, చెయ్యి తీసి, కళ్ళు మార్చి మార్చి చూడు. మూసిన కంటికి మంచం కోడు, కుర్చీ మీద తువ్వాలు కనిపిస్తాయి. తెరిచిన కంటికి ఒట్టి నలుపు. ఏ కన్ను సర్దుబాటు దానిదే. బండి మీద మాత్రం ఈ వేషాలొద్దు, ఒంటికన్నుతో ఆ పక్క చూపు పోతుంది.

హెడ్‌లైట్ల మధ్య తిరిగేవాడికి పూర్తి చీకటి చూపు ఎలాగూ రాదు. వచ్చిన కాస్తయినా కాపాడుకో. బిల్లులు, టీ లైట్ల కింద ముగించి, క్యాబిన్ లైటార్పి ఓ పది నిమిషాలు కూర్చుని కదులు. ఫోన్ వెలుతురు అట్టడుగుకి దించు. కాజ టోల్‌గేట్ లైట్లు దాటాక వెంటనే తొక్కకు. డివైడర్ లేని రోడ్డులో, ఉండవల్లి కరకట్టలాంటి చోట, ఎదుటివాడు డిప్ కొట్టకపోతే వాడి లైట్లకేసి చూడొద్దు, తిట్టుకుంటూ అసలు చూడొద్దు. ఎడమ అంచు తెల్లగీత మీదికి చూపు దించి, ముందే కాలు తియ్యి. 80 మీద సెకనుకి 22 మీటర్లు పోతావు. కళ్ళు తేరుకోవడానికి మూడు సెకన్లు పట్టినా 66 మీటర్లు గుడ్డిగా పోయినట్టే.

ఇంకో తమాషా ఉంది. రెటీనా నట్టనడుమ, మనం సూటిగా చూసే చోట, రాడ్ కణాలు ఉండవు. అందుకే మసక చుక్కని సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకి చూస్తే కనిపిస్తుంది. పెళ్ళిలో అరుంధతిని అలాగే చూడాలి. (పట్టపగలు ముహూర్తం పెట్టుకుని కనిపించిందని తలూపేవాళ్ళ సంగతి వేరు.) రోడ్డు వారన నీడలా ఏదైనా కదిలినట్టుండి, సూటిగా చూస్తే ఏమీ లేదనిపిస్తే, ఏమీ లేదనుకోకు. బ్రేకు మీద కాలుంచు. రాడ్‌లకి ఎరుపు దాదాపు ఆనదు. సందెవేళ ఎర్రపూలు నల్లబడి ఆకులు తేటగా కనపడతాయని పుర్కిన్యే అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లోనే గమనించాడు. ఎర్రచీర కట్టుకుని పొలం పనికి పోయే మనిషి తెల్లవారుజామున నీకు నల్లగా ఉంటుంది, గుర్తుంచుకో.

ఇక కదలిక. అద్దంలో నీ ఎడమ కంటినీ కుడి కంటినీ మార్చి మార్చి చూసుకో. కళ్ళు కదలడం నీకు కనపడదు, పక్కనున్నవాడికి కనపడుతుంది. చూపు సెకనుకి మూడుసార్లదాకా గెంతుతుంది, గెంతే ఆ క్షణంలో మెదడు చూపుని అణిచేస్తుంది. అందుకని సర్వీసు రోడ్డు కలిసేచోట తల గిర్రున తిప్పేసి చూశాననుకుంటే కుదరదు. ఎడమ, నడుమ, కుడి, ఒక్కోచోట చూపు ఆపి చూడు. ముందుకి వంగి మళ్ళీ చూడు, అద్దం పక్కన కమ్మీ వెనక ఓ మోటార్ సైకిల్ మొత్తం దాక్కుంటుంది. అలాగని ఒకేచోట గుడ్లప్పగించినా తంటానే. కదలని చూపుకి పక్కనున్నవి చెరిగిపోతాయని ట్రాక్స్లర్ అనే డాక్టరు 1804లోనే రాశాడు. తిన్నటి రోడ్డు మీద అదే జరుగుతుంది. రోడ్డు, అద్దాలు, మీటరు, మళ్ళీ రోడ్డు, చూపు తిప్పుతూ ఉండు.

ముందద్దం లోపలి వైపు కూడా తుడువు. అక్కడ పట్టే జిడ్డు పొరే ఎదుటి లైటుని అద్దమంతా పరుస్తుంది. రాత్రి డ్రైవింగుకంటూ అమ్మే పసుపు కళ్ళజోళ్ళు కొనకు. వచ్చే కాస్త వెలుతురునీ అవి తగ్గిస్తాయి.

చివరిది, కాస్త బరువైన మాట. మనింట్లో మేనరికాలు ఎక్కువ. రెటీనాని మెల్లగా తినేసి, రేచీకటితో మొదలై పక్కచూపు కుదించే జబ్బొకటి అలాంటి ఇళ్ళలో ఎక్కువ చూస్తాం. చీకట్లో అరగంటున్నా గుమ్మాలకి తగులుతుంటే, పక్కనుంచి వచ్చేవాళ్ళు హఠాత్తుగా ప్రత్యక్షమైనట్టుంటే, సొంతంగా విటమిన్ ఎ బిళ్ళలు మింగకుండా రెటీనా పరీక్ష చేయించుకో. మునగాకు, బొప్పాయి, గుడ్డు తిను, బిళ్ళలు డాక్టరు చెబితేనే. పరీక్షకి కంటిపాప విచ్చుకునేలా మందు వేస్తారు, ఆ పూట బండి తోలలేవు. డ్యూటీ లేని రోజు చూసుకుని ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ మామయ్య