టపా రాని నెల

ప్రియమైన బిడ్డకు,

ఓరుగల్లు ముట్టడి మీద నువ్వు పంపిన నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. కోటలో రోజురోజుకూ తగ్గిపోతున్న జొన్నలను మానికతో కొలిచి పోసే ముసలమ్మ నాకు కళ్ళకు కట్టింది. కానీ ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాన్ తాగిన మత్తులో ప్రతాపరుద్రుని రాయబారులను ఎగతాళి చేసి వెళ్ళగొట్టాడని మూడో అధ్యాయంలో చదివినప్పుడు కాగితాలు పక్కన పెట్టి లేచిపోయాను. ఆ కోపమే ఈ ఉత్తరం రాయిస్తున్నది.

1321లో వచ్చిన ఆ దండు ఎందుకు చెడిందో రాయాలంటే, ఆ రోజున అతనికి ఏం తెలుసు, ఏం తెలియదు అన్న దగ్గర మొదలుపెట్టాలి. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ కోటను ముట్టడించి, ఏనుగులనూ ధనాన్నీ కప్పంగా పుచ్చుకొని వెళ్ళిపోయాడు. 1318లో ఖుస్రో ఖాన్ వచ్చి కప్పంతోనే తిరిగిపోయాడు. ఢిల్లీ గద్దె మీద కలత రేగగానే ఇక్కడి నుంచి కప్పం ఆగిపోయింది. ఇదంతా ఎరిగినవాడు కనుకనే ఉలుఘ్ ఖాన్ పాత బేరాన్ని కాదని, కోటే కావాలని పట్టుబట్టాడు. అది మత్తు కాదు, లెక్క. అయితే కప్పం తీసుకొని పోయేవాడికి వెనుక దారి కొద్దికాలం తెరిచి ఉంటే చాలు. కోట లొంగేదాకా కూర్చోదలచినవాడికి నెలల తరబడి తెరిచి ఉండాలి. అతడు లక్ష్యం మార్చుకున్నాడు గాని, దానికి తగిన ఏర్పాటు చేసుకోలేదు. నీ నవలకు ఆయువుపట్టు అక్కడ ఉంది.

ఆ కాలపు చరిత్రకారుడు బరనీ ప్రకారం, తరచుగా అందుతుండిన ఢిల్లీ టపా నెల దాటినా రాలేదు. సుల్తాను చనిపోయాడనీ, ఉలుఘ్ ఖాన్ మిమ్మల్ని చంపించబోతున్నాడనీ ఉబైద్ అనే కవి సర్దార్ల చెవిన వేశాడు. సర్దార్లు తమ బలగాలతో విడిపోయారు. కోటలోని సైన్యం బయటికి వచ్చి విరుచుకుపడింది. అతడు మిగిలినవాళ్ళతో దేవగిరికి వెనుదిరిగాడు. ఒక కవి నోటిమాట దండును చెదరగొట్టిన ఆ రాత్రిని నువ్వు రెండు వాక్యాల్లో దాటేసి, కత్తియుద్ధానికి పదకొండు పుటలు ఇచ్చావు!

ఆ పదకొండు పుటలు ఎవరి కోసమో నాకు తెలుసు. బడి పంతులుగా ఉన్న రోజుల్లో సాయంత్రాలు హనుమకొండలోని రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంలో చదువుకొని, ఆదివారాలు ఖిలా వరంగల్ మట్టికోట మీద నడిచేవాణ్ణి. వాన వెలిసిన ఒక ఉదయం చెప్పులు చేతపట్టుకొని, జారే ఎర్రమట్టిలో వేళ్ళు దిగేసుకుంటూ పైకెక్కి, లోపలి రాతికోట బురుజులను చూస్తూ, ఇక్కడ దిగిన దండుకు గుర్రాల మేత ఎన్ని రోజులకు సరిపోయి ఉంటుందని ఆలోచించాను. ఆ మేత గురించి, టపా గురించి నాలుగు పుటలతో కథ రాస్తే, ఒక సంపాదకుడు వాటిని తీసేసి ద్వంద్వయుద్ధం చేర్చి నా పేరుతోనే అచ్చువేశాడు. నేను రాయని యుద్ధాన్ని మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. ఆ సంచికను నేటికీ తెరవలేను. పాఠకుడికి కత్తే కావాలని చెప్పేవాళ్ళ మాట నువ్వు వినవద్దు.

ప్రచురణ సంగతి అడిగావు, అది తర్వాత చూద్దాం. ముందు నీ చివరి అధ్యాయం చూడు. 1323లో మళ్ళీ వచ్చినప్పుడు అతడు మొదట బీదర్‌నూ, బోధన్‌నూ పట్టుకొని, దారి చేతిలో ఉంచుకొని, ఆ తర్వాతే ఓరుగల్లు మీదికి వచ్చాడు. అదే మనిషి, అదే కోట. నువ్వు రాసినట్టు అతడు వట్టి తాగుబోతే అయితే, ఈ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందని పాఠకుడు అడిగితే ఏం చెబుతావు?

మూడో అధ్యాయం అంచున పెన్సిల్‌తో గీత పెట్టాను. ఆ రాయబారులను మళ్ళీ గుడారంలోకి పిలువు. వాళ్ళు తెచ్చిన ఏనుగుల లెక్కనూ, ధనం లెక్కనూ అతని చేత చివరిదాకా విననియ్యి. టపా ఇంకా సక్రమంగా వస్తున్న రోజది. అప్పుడు కాదనిపించు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి