నల్ల నిమ్మకాయ, ఎండుమిరప, ఒక కేజీ పెద్దకూర

(వంటింటి ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: అక్కా, మా అమ్మ కువైట్‌లో పదకొండేళ్లు ఇంటిపని చేసి ఈ సంక్రాంతికి వచ్చేసింది. పెట్టెలో నల్లటి ఎండు నిమ్మకాయలు తెచ్చింది. అక్కడ మాంసంలో వేసేవారట. నేను కేజీ పెద్దకూరలో ఆరు కాయలు చితక్కొట్టి వేసి, కుక్కర్లో ఏడు విజిల్స్ రానిచ్చాను. కూర చేదు. ముక్క పీచులాగా వచ్చింది. మూత తీశాక వేసిన బంగాళాదుంపలు అరగంటైనా మెత్తబడలేదు. అమ్మ ఏమీ అనలేదు గానీ సగంలో చెయ్యి కడిగేసుకుంది. మన కారంతో కలిపి సరిగ్గా వండటం ఎలా?
– ఒక పాఠకురాలు, మలికిపురం

జవాబు: చెల్లెమ్మా, నేనూ తొమ్మిదేళ్లు కువైట్‌లో ఒకరి వంటగదిలో పనిచేసి వచ్చినదాన్నే. నీ ఉత్తరం చదువుతుంటే ఆ వాసన ముక్కుకి తగిలింది. ఆ కాయని అక్కడ లూమీ అంటారు. ఇరాన్ వాళ్లు ఒమానీ నిమ్మ అంటారు. చిన్న నిమ్మకాయల్ని ఉప్పునీళ్లలో ఉడికించి, లోపల నల్లబడేదాకా ఎండబెడతారు. మనం మామిడి ఒరుగులు చేసుకుంటాం చూడు, ఇంచుమించు అలాంటిదే. ఎండిన పులుపుతో మాంసం వండటం మనకి కొత్త కాదు. అందుకే మన చేతికి ఈ వంట తొందరగా అలవాటవుతుందని నా నమ్మకం.

ముందు చేదు సంగతి. ఒక కాయ తీసుకుని రోకలితో మెల్లగా ఒక్క దెబ్బ వెయ్యి. పెంకు రెండుగా విడిపోతుంది. లోపల గుజ్జు కాలిన కాగితంలాగా నల్లగా, పొరలు పొరలుగా ఉంటుంది. పాతబడిన నిమ్మకాయ ఊరగాయకి కాస్త పొగ తగిలితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. ఆ పొరల్లో గింజలుంటాయి, చేదు వాటిదే. ఒక్కటి కూడా మిగలకుండా ఏరెయ్యాలి. వెళ్లిన మొదటి నెలలో నేనూ గింజలతోనే దంచి వేశాను. ఆ ఇంటి పెద్దావిడ రుచి చూసి గిన్నెడు కూరా పారబోసింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు ఆవిడే పక్కన కూర్చుని, ఒక పిన్నీసుతో గింజలు ఎలా తీయాలో చూపించింది. ఇప్పటికీ నేను పిన్నీసుతోనే తీస్తాను. కేజీ మాంసానికి మూడు కాయలు చాలు, ఆరు మరీ ఎక్కువ.

ఇక ముక్క. మన సంతల్లో పెద్దకూర అంటే చాలావరకు గేదె మాంసమే. దానికి కొవ్వు తక్కువ. తొడ కండ చూడ్డానికి నున్నగా బావుంటుంది గానీ పులుసుకి పనికిరాదు, ఉడికేకొద్దీ పొడిబారి పీచు తేలుతుంది. నువ్వు తెచ్చింది అదే అయ్యుంటుంది. కాలి పిక్క అడుగు, మూలుగ బొమికతో సహా. కండ మధ్యలో తెల్లటి నరాలు కనబడతాయి. అవి చూసి కొంతమంది వద్దంటారు, తీసేయమని కొట్టువాడితో దెబ్బలాడతారు కూడా. తీయించొద్దు. సన్న సెగ మీద రెండు మూడు గంటల్లో అవి కరిగి పులుసుకి చిక్కదనం తెస్తాయి. మర్నాడు పొద్దున్న గిన్నె మూత తీస్తే పులుసు గడ్డకట్టి వణుకుతుంటుంది. పిక్క బాగా ఉడికిందనడానికి అదే గుర్తు.

మసాలా దగ్గర రెండు ఊళ్లనీ కలుపుతాను. కువైట్ వాళ్ల మరగ్‌లో, అంటే మాంసం పులుసులో, మన నాలిక్కి కారమే ఉండదు. మిరియాలు, దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, ధనియాలు, జీలకర్ర కలిపి పొడి చేసుకుంటారు. దాన్ని బహారాత్ అంటారు. అది ఒకటిన్నర చెంచా. మన వైపు నుంచి పన్నెండు ఎండుమిరపకాయలు వేడినీళ్లలో నానబెట్టి, ఒక పెద్ద వెల్లుల్లిపాయతో, ఉప్పుతో రోట్లో నూరిన ముద్ద. మూడు పెద్ద ఉల్లిపాయలు నూనెలో ఎర్రగా వేగనిచ్చి, ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా కలిపి, ముక్కలు, పసుపు, పొడి వేసి ఒక పావుగంట తిప్పుతూ ఉండు. తర్వాత లీటరున్నర వేడినీళ్లు. చన్నీళ్లు పొయ్యకు. ఒక్క పొంగు రాగానే సెగ తగ్గించెయ్. పైన ఒక బుడగ, కాసేపటికి ఇంకో బుడగ, అంతే ఉండాలి. కుతకుతలాడితే కండ బిగుసుకుపోతుంది. మా ఇంట్లో ఇంకా కొబ్బరి డొక్కల పొయ్యి ఉంది, మంట ఆరాక మిగిలే నిప్పు మీద దాక పెట్టి వదిలేస్తాను. గ్యాసైతే చిన్న బర్నర్.

రెండు గంటలయ్యాక ముక్క నొక్కితే దిగాలి. అప్పుడు బంగాళాదుంపలు. అవి ముప్పాతిక ఉడికాకే లూమీ. పప్పులో చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదు కదా, దుంపదీ అదే గొడవ. పులుపు తగిలాక మెత్తబడదు. లూమీ వేశాక అరగంట సన్న సెగ, దించెయ్యడమే. అక్కడ లూమీ మొదట్లోనే వేసేవాళ్లు, ఆ ఒక్క విషయంలో నేను వాళ్ల మాట వినను. టైము లేకపోతే మాంసం వరకు కుక్కర్లో పెట్టు, మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో నలభై నిమిషాలు. దుంపా లూమీ మాత్రం మూత తీశాకే.

అన్నంలోకి సరే, కానీ నా మాట విని ఒక్కసారి దిబ్బరొట్టెతో తిను. అక్కడ రొట్టె ముక్కల మీద పులుసు పోసి నాననిచ్చి తింటారు, తష్రీబ్ అంటారు. దిబ్బరొట్టె అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైన మెత్తన. పులుసంతా పీల్చుకున్నా విడిపోదు.

ఇంకొకటి. మీ అమ్మ ఈ కూర పదకొండేళ్లు వేరేవాళ్లకి వడ్డించి ఉంటుంది. ఈసారి ఆమెని పొయ్యి దగ్గరికి రానివ్వకు. కూర్చోబెట్టి, మూలుగ బొమిక ఆమె కంచంలోనే వెయ్యి.

ప్రశ్న: ఇలాంటి పులుసులో గోంగూర కూడా వేయొచ్చా? కొబ్బరిపాలు?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: గోంగూర వద్దండీ. గోంగూర పెద్దకూర దానికదే గొప్ప కూర, అందులో లూమీ అక్కర్లేదు. రెండు పులుపులు ఒక దాకలో పడితే దేని రుచీ తెలియదు. కొబ్బరిపాలు మీ ఊళ్లో మానమంటే మానరు కాబట్టి చెబుతున్నాను, దించాక చిక్కటి పాలు అరగ్లాసు పోసి కలపండి. పులుపు మీద మరిగితే విరుగుతాయి.

ప్రశ్న: లూమీ ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?
– ఒక పాఠకురాలు, సఖినేటిపల్లి

జవాబు: తడి తగలకపోతే ఏడాది దాటినా ఉంటుంది. కానీ మన కోనసీమ గాలిలో చెమ్మ ఎక్కువ. ముసురు పట్టకముందే ఒరుగులతో పాటు ఒక రోజు ఎండలో పెట్టి, చల్లారాక గాజు సీసాలో పోసి బిగించండి. పగలగొట్టినప్పుడు లోపల బూజు కనబడితే ఆ కాయ పారెయ్యండి. కడిగి వాడొద్దు.