38 వేల పెన్ డిస్‌ప్లే ఈఎంఐలో తీసుకోవచ్చా అన్నయ్యా?

గాజువాక నుంచి ఒక తమ్ముడు రాశాడు. డాబాగార్డెన్స్‌లో ఒక ఫొటో స్టూడియోలో ఎడిటర్‌గా చేస్తున్నాడు, జీతం 21 వేలు, అది ఇంటద్దెకీ అమ్మ మందులకీ ఇంట్లోకే సరిపోతోందట. రాత్రుళ్లు బయటి ఫొటోగ్రాఫర్లకి పెళ్లి ఫొటోలు రీటచ్ చేస్తాడు, ఒక్కోదానికి 12 నిమిషాలు పడుతుందట, ఫొటోకి 40 రూపాయలు, సీజన్లో నెలకి 200 ఫొటోల దాకా వస్తాయి. మౌస్ పట్టుకుని పట్టుకుని మణికట్టు లాగేస్తోందట. పెన్నుతో నేరుగా స్క్రీన్ మీదే గీసే పెన్ డిస్‌ప్లే ఒకటి 38 వేలకి చూసుకున్నాడు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 14 వేలు బాకీ ఉంది, నెలకి 700 కడుతున్నాడు. "కొనేయనా అన్నయ్యా, పని స్పీడ్ అవుతుంది కదా" అని అడిగాడు.

తమ్ముడూ, పెన్ను కొను, కానీ ఆ 38 వేలది వద్దు, ఇప్పుడే వద్దు, ఈఎంఐలో అసలే వద్దు. ఎందుకో చెప్తా.

ముందు ఆ 14 వేల సంగతి చూద్దాం, ఎందుకంటే నువ్వు దాన్ని ఉత్తరం చివర్లో ఒక్క లైన్లో రాసి వదిలేశావు, నాకు మాత్రం మొదట కనపడింది అదే. చాలా కార్డులకి వడ్డీ నెలకి 3.5 శాతం దగ్గర ఉంటుంది. 14 వేల మీద అది 490, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 88, మొత్తం 578. నువ్వు కట్టే 700లో అసలులోకి పోయేది 122 రూపాయలు. ఇలా కడుతూ పోతే ఎన్నేళ్లు పడుతుందో నువ్వే లెక్కేసుకో. ఇంకో విషయం చాలామందికి తెలీదు, కార్డు మీద పాత బాకీ నడుస్తున్నప్పుడు కొత్తగా ఏం గీకినా దానికి ఆ 45 రోజులో 50 రోజులో ఫ్రీ టైమ్ ఉండదు, కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. దాని మీద నెలకి 3 వేల పైన ఈఎంఐ కూడా ఎక్కితే అది ఆ నెల కట్టాల్సిన మినిమమ్‌లో కలిసిపోతుంది, అంటే 700 కట్టేవాడివి ఒక్కసారిగా 4 వేల దగ్గరకి వెళ్తావు. ఆషాఢంలో ఎక్కడి నుంచి తెస్తావు?

నో కాస్ట్ అంటే ఫ్రీ అనుకోకు. సున్నా వడ్డీ అనేదే లేదు, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజులో దాచి వసూలు చేస్తున్నారు అని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకి మొట్టికాయ వేసింది. ఇప్పుడు ఏం చేస్తున్నారంటే వడ్డీని డిస్కౌంట్ అని ముందే తగ్గించి చూపిస్తారు, బ్యాంకు మాత్రం నీ దగ్గర వడ్డీ తీసుకుంటూనే ఉంటుంది, ఆ వడ్డీ మీద జీఎస్టీ నీ నెత్తినే. 38 వేలకి ఏడాదికి 15 శాతం వడ్డీ లెక్కన చూస్తే జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపి ఏడెనిమిది వందలు అవుతుంది. అది పెద్ద మొత్తం కాదులే, నా గొడవ దాని గురించి కాదు. ఫుల్ డబ్బు కట్టేవాడికి అదే వస్తువు మీద ఇచ్చే తగ్గింపు నీకు రాదు, అది అసలు దెబ్బ.

ఇప్పుడు పెన్ను సంగతి. నేను ఎడిటర్ని కాదు, కానీ మా బావమరిదికి అనకాపల్లిలో స్టూడియో ఉంది, ఒకసారి వాడి పక్కన గంటసేపు కూర్చుని చూశాను. ఎండాకాలం పెళ్లి, పెళ్లికూతురు నుదుటి మీద చెమట, దాని మీద ఫ్లాష్ పడి తెల్లగా మెరుస్తోంది, బుగ్గచుక్క కొంచెం కరిగింది, జడలో తలంబ్రాల బియ్యం ఇరుక్కుంది. వాడు బ్రష్ ఫ్లో, అంటే రంగు పడే జోరు, తక్కువ పెట్టి పెన్నుతో నుదురంతా అలా అలా తడుముతూ పోయాడు, మెల్లగా ఆనిస్తే పలచగా, నొక్కితే చిక్కగా పడుతోంది. మౌస్‌కి ఆ తేడా తెలీదు, నొక్కితే నొక్కినట్టే, అందుకే మౌస్‌తో చేసేవాళ్లు మాటిమాటికీ ఒపాసిటీ, అంటే రంగు ఎంత చిక్కగా పడాలనేది, మార్చుకుంటూ ఉంటారు, టైమ్ అంతా అక్కడే పోతుంది. చెవి పక్కన వెంట్రుకలకి మాస్క్ గీసేటప్పుడు, హారం అంచు కత్తిరించేటప్పుడు కూడా అంతే. అదే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో కలర్ సరిచేయడం, 2 వేల ఫొటోల్లో మంచివి ఏరడం, ఆల్బమ్ షీట్లు పేర్చడం, వీటికి పెన్ను దండగ, మౌసే హాయి. నీది రీటచింగ్ పని కాబట్టి నీకు పనికొస్తుంది, అందులో అనుమానం లేదు.

అయితే ఈ లాభం అంతా స్క్రీన్ లేని నల్ల పలకలాంటి చిన్న టాబ్లెట్‌తోనే వచ్చేస్తుంది. వాకమ్, హుయాన్, ఎక్స్‌పీ-పెన్ కంపెనీల్లో చిన్న సైజువి మూడు నుంచి ఆరేడు వేల మధ్య దొరుకుతాయి. చెయ్యి పలక మీద, చూపు మానిటర్ మీద. మొదట్లో చెయ్యి ఎక్కడుందో తెలీక తిక్క పుడుతుంది, చాలామందికి ఒకటి రెండు వారాల్లో అలవాటైపోతుంది. స్క్రీన్ ఉన్నది బొమ్మలు గీసేవాళ్లకి బాగుంటుంది. ఫొటోలకి అయితే దాని కలర్ మళ్లీ నీ మానిటర్‌తో కలవాలి, లేకపోతే ఇక్కడ గోధుమరంగు పిల్ల అక్కడ గులాబీ రంగులో తేలుతుంది, పైగా మెడ వంచుకుని కూర్చోవాలి, మణికట్టు నొప్పి మెడకి మారుతుంది అంతే. మా బావమరిది ఉత్సాహంగా పెద్దది కొన్నాడు, ఇప్పుడు దాని మీద వాళ్ల పాప చేపలూ పడవలూ గీసుకుంటోంది, వాడు మళ్లీ చిన్న పలక మీదకే వచ్చాడు. చెప్తే కోపం, అది వేరే కథ.

నొక్కుడులో తేడాని పెన్ను ఎన్ని మెట్లలో పసిగడుతుందో చెప్పే ప్రెషర్ లెవెల్స్ 4096 అంటారు, 8192 అంటారు, షాపువాడు ఆ నంబర్ చూపించి రేటు పెంచుతాడు, చర్మం సరిచేసే పనికి ఆ తేడా నీ చేతికి తెలీదు. పెన్నుకి బ్యాటరీ లేనిది చూసుకో, ఛార్జింగ్ గొడవ ఉండదు. దాని ములుకు పెన్సిల్ లాగే అరుగుతుంది, అదనంగా కొన్ని పెట్టెలోనే ఇస్తారు. పెన్ను పోగొట్టుకోకు, విడిగా కొనాలంటే కళ్లు తిరుగుతాయి.

నీ లెక్క ఇప్పుడు చేద్దాం. ఫొటోకి 12 నిమిషాలు పడుతోంది అన్నావు, అంటే గంటకి 5 ఫొటోలు, వాటికి 200 రూపాయలు. పెన్ను అలవాటయ్యాక 9 నిమిషాలకి వచ్చింది అనుకుందాం, నేను కావాలనే తక్కువ ఆశ పెట్టుకుంటున్నా. నెలకి నువ్వు కూర్చునే 40 గంటల్లో 200 ఫొటోలు కాస్తా 266 అవుతాయి, అదనంగా 2,640 రూపాయలు. 5 వేల పలక అయితే రెండు సీజన్ నెలల్లో డబ్బు తిరిగొచ్చేస్తుంది. 38 వేలది అయితే 14 సీజన్ నెలలకి పైనే, క్యాలెండర్ నెలలు కాదు, సీజన్ నెలలు. ఆషాఢం, పుష్యం, మూఢాలు తీసేస్తే ఏడాదిలో నీకు గట్టిగా పని ఉండేది ఆరేడు నెలలు, కాబట్టి రెండేళ్లు దాటిపోతుంది. ఆ రెండేళ్లలో ఫొటోకి 40 రూపాయలు అలాగే ఉంటాయా? చర్మం దానంతటదే సాఫ్ చేసే ఏఐ సాఫ్ట్‌వేర్లు మీ స్టూడియోకి కూడా వచ్చేసి ఉంటాయి కదా, రేట్లు తగ్గించమని అడిగేవాళ్లు అడుగుతారు. ఇంకోటి, ఆ 66 ఫొటోలు అదనంగా ఇచ్చేవాళ్లు ఉంటేనే ఈ లెక్క. పని లేకపోతే మిగిలేది టైమ్ మాత్రమే, నిద్ర అనుకో, అదీ మంచిదే.

షాపులో బిజినెస్ పేరు మీద బిల్లు తీసుకో, ట్యాక్స్ కలిసొస్తుంది అంటారు. నీ ఏడాది ఆదాయం అంతా కలిపినా మూడు లక్షల పైచిలుకు, కట్టాల్సిన ట్యాక్సే లేనప్పుడు కలిసొచ్చేది ఏముంది. సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్, నువ్వు అందులో లేవు కాబట్టి కొన్నప్పుడు కట్టిన 18 శాతం జీఎస్టీ వెనక్కి రాదు. బిల్లు మాత్రం దాచుకో, వారంటీకి కావాలి.

కాబట్టి ఇలా చెయ్యి. ఈ రెండు సీజన్ నెలల సైడ్ డబ్బు 8 వేలు, 8 వేలు మొత్తం కార్డుకి కట్టేయ్, బాకీ వడ్డీతో సహా పోయి ఇంకో వెయ్యి చేతిలో మిగులుతుంది. ఈలోపు కార్డు ఇంట్లో పెట్టి బయటికి రా. మూడో నెల డబ్బులోంచి 5 వేల లోపు పలక, యూపీఐలో కట్టి తెచ్చుకో, మిగతాది వేరే అకౌంట్లో వేసి ఆషాఢానికి దాచు. అంతవరకూ ఆగలేను అంటే ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లల్ని అడుగు, చదువైపోయాక కొంతమంది అమ్మేస్తుంటారు, సగం రేటుకి రావచ్చు. పలక మీద గీతలు పడినా పర్లేదు, కేబుల్ పెట్టే చోటు వదులుగా ఉంటే మాత్రం తీసుకోకు, అక్కడ కదిలిందంటే పని మధ్యలో పోతుంది.

మణికట్టు నొప్పికి పెన్ను మందు కాదు, పట్టు మారితే కొంచెం తేలికవుతుందేమో గానీ రాత్రి తిమ్మిరి ఎక్కుతుంటే ముందు ఎముకల డాక్టర్‌కి చూపించు, ఆ ఫీజు కూడా ఈ నెల లెక్కలో వేసుకో.

పలక వచ్చాక కంప్యూటర్‌లో పాత డ్రైవర్, అంటే టాబ్లెట్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, ఏదైనా ఉంటే తీసేసి కొత్తది వెయ్యి, రెండు కలిస్తే ప్రెషర్ పనిచెయ్యదు, నువ్వు పెన్ను పాడైపోయింది అనుకుంటావు. మొదటి వారం కస్టమర్ ఫొటోలు ముట్టుకోకు, మీ అక్క పెళ్లి ఆల్బమ్‌లాంటిది ఏదైనా ఉంటే దాని మీద చెయ్యి తిప్పుకో. ముహూర్తాలు లేని రోజుల్లో అయితే ఇంకా మంచిది. రిటర్న్ ఎన్ని రోజులు అనేది బిల్లు మీదే చూసుకో, ఆ గడువు లోపలే రోజుకో గంట వాడి చూడు.