బ్యాంకు లీగల్ ఉండగా మళ్లీ లాయర్ ఎందుకు?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ 60 లక్షలకి బేరం కుదిరిందండి, లోన్ కూడా పెడుతున్నాం. డాక్యుమెంట్ రైటర్ అన్నీ కలిపి 5 లక్షలు ఇచ్చేయండి, మీరొచ్చి ఫొటో దిగి వేలిముద్ర వేస్తే చాలు అంటున్నాడు. బ్యాంకు వాళ్లు వాళ్ల లాయర్ చేత కాయితాలు చూపించడానికి లీగల్ ఫీజు వేరే కట్టించుకున్నారు. ఇంకా సొంత లాయర్ దేనికి, దండగ అంటున్నారు మావారు. మీరేమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ 5 లక్షల్ని విడగొట్టి చూద్దాం. తెలంగాణలో సేల్ డీడ్‌కి స్టాంప్ డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం, అంటే మీకు 4,50,000 (గవర్నమెంట్ మార్కెట్ వాల్యూ 60 లక్షల కన్నా ఎక్కువుంటే దాని మీద లెక్కేస్తారు). మ్యుటేషన్ (రికార్డుల్లో మీ పేరు మార్చడం), యూజర్ ఛార్జీలు ఇంకొంచెం. ఇదంతా చలానాలో పోయే డబ్బు, ఆన్‌లైన్‌లో మీరే కట్టుకోవచ్చు, రైటర్ చేతిలో పెట్టాల్సిన పనే లేదు. మిగతాది దేనికో కాయితం మీద రాసిమ్మనండి, డ్రాఫ్టింగ్‌కింత, స్లాట్ బుకింగ్‌కింత అంటే సరే, ఆఫీసు ఖర్చులు అంటే మాత్రం ఒప్పుకోకండి, అలాంటి ఫీజు అసలు లేదు, గట్టిగా అడిగితే ఏసీబీ నంబరు 1064 ఉంది.

లాయర్ విషయంలో మీవారికి నచ్చజెప్పండి అనే అంటాను. బ్యాంకు లీగల్ మీ డబ్బుతోనే చేయించినా అది బ్యాంకు కోసం, ఆ రిపోర్టు చాలాసార్లు మీ చేతికి కూడా రాదు, పైగా అది అయ్యేసరికి మీరు అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు. పాత ఫ్లాట్లలో నేను ఎక్కువగా భయపడేది దేనికంటే, తండ్రి పేరు మీదున్న ఫ్లాట్‌ని ఆయన పోయాక కొడుకులిద్దరే అమ్మేస్తుంటారు, పెళ్లయి వెళ్లిన కూతురి సంతకం ఉండదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే క్లీన్‌గానే కనిపిస్తుంది, ఎందుకంటే ఈసీలో వచ్చేది రిజిస్టరైన లావాదేవీలే, ఆ అమ్మాయి వాటా అందులో ఎక్కడుంటుంది? వారసుల సర్టిఫికెట్ అడిగి, లింక్ డాక్యుమెంట్లు (ఆ ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) 30 ఏళ్ల వెనక్కి చదివే మనిషి కావాలి. ఫీజు శాతం లెక్కన కాకుండా ఒకే మొత్తంగా మాట్లాడుకోండి, ఒపీనియన్ సంతకంతో రాసివ్వడం, అగ్రిమెంట్, సేల్ డీడ్ డ్రాఫ్టులు చూడటం అందులోనే రావాలి.

ఇంకోటి, ఫ్లాట్ ధర 50 లక్షలు ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల పేరు మీద ముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) మీరే కట్ చేసి కట్టాలి, అంటే మీ కేసులో 60,000. ఇది అదనపు ఖర్చు కాదు, అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచే పోతుంది. వాళ్లు ఎన్నారైలైతే లెక్క వేరే, ఆడిటర్‌ని అడగకుండా ఒక్క రూపాయి పంపొద్దు. స్టాంప్ డ్యూటీ వేరేగా మాట్లాడుకోకపోతే కొనేవాళ్లదే. అమ్మేవాళ్ల పాత లోన్ ఎంఓడీ (బ్యాంకులో దస్తావేజులు తనఖా పెట్టినట్టు రాసిన పత్రం) రిలీజ్ ఖర్చు మాత్రం వాళ్లే పెట్టుకోవాలని అగ్రిమెంట్‌లో రాయించండి, అలా రాయించాకే అడ్వాన్స్ ఇవ్వండి.