ఉప్పుగాలి, పాత జీపు

ప్రశ్న: మాది భీమిలి. మా పాత జీపు ముందు మడ్‌గార్డులు ఉప్పుగాలికి తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. లంబసింగి కొండదారుల్లో తిప్పే బండికి ఫైబర్‌గ్లాస్‌వి బిగించవచ్చా?

జవాబు: బిగించవచ్చు. ఫైబర్‌గ్లాస్‌కు తుప్పు పట్టదు, బరువూ తక్కువే. అయితే రాయి తగిలినప్పుడు ఇనుప రేకు సొట్టపోతే, ఇది పగులుతుంది. పగుళ్లు ఎక్కువగా బోల్టు రంధ్రాల అంచున మొదలవుతాయి కనుక, ప్రతి బోల్టు కింద వెడల్పాటి వాషరు, రబ్బరు ముక్క వేయించి, అతిగా బిగించకుండా దగ్గరుండి చూసుకోండి. చాలామంది మరిచిపోయే సంగతి మరొకటి ఉంది: ఫైబర్‌గ్లాస్‌ గుండా విద్యుత్తు ప్రవహించదు కాబట్టి, ఇంతకాలం రేకు ద్వారానే ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారి) అందుకున్న ఇండికేటర్లు వెలగవు, వాటికి ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) నుంచి విడిగా తీగ లాగించాలి. పగిలిన చోట గరుకుకాగితంతో రుద్ది, లోపలివైపు గాజునార పరిచి రెజిన్ (ఆరి గట్టిపడే జిగురు) పట్టిస్తే సరిపోతుంది. మన చేపలరేవులో ఫైబర్ పడవలకు చేసే మరమ్మతూ ఇదే.