పాత ఇటుకల కోసం కొత్త రోడ్డు ఆపాలా?

ప్రశ్న: రోడ్డో, గనో, ప్రాజెక్టో మొదలవగానే ఏదో పురాతన కట్టడం బయటపడిందని పనులు ఆపేస్తారు. ఉద్యోగాల కోసం ఎదురుచూసేవాళ్లకి ఆ రాళ్లూ ఇటుకలూ అన్నం పెడతాయా? ముఖ్యమైనవి తీసి మ్యూజియంలో పెట్టి మిగతా పని కానిచ్చేస్తే పోయేదేముంది?
- ఒక పాఠకుడు

జవాబు: మీ కోపంలో సగం న్యాయం ఉంది. కాకపోతే ఆ కోపం చూపించాల్సింది తవ్వకాలు చేసేవాళ్ల మీద కాదు, టెండర్లన్నీ అయిపోయి యంత్రాలు దిగేదాకా అసలు కింద ఏముందో చూడనివాళ్ల మీద. రోడ్డు ఇంకా కాగితం మీద గీతగా ఉన్నప్పుడు దాన్ని కాస్త పక్కకి జరపడానికి పెద్ద ఖర్చేం కాదు. కాంట్రాక్టరు దిగాక ప్రతి రోజూ నష్టమే, అందరికీ టెన్షనే.

ఆస్ట్రేలియాలో జూకన్ గార్జ్ సంగతే చూడండి. 46 వేల ఏళ్ల కిందటే మనుషులు తలదాచుకున్న రాతి గుహలవి. ఇనుప ఖనిజం కోసం రియో టింటో కంపెనీ 2020 మేలో వాటిని పేల్చేసింది. చట్టప్రకారమే లెండి, అనుమతి 2013లోనే వచ్చింది! ఆ మరుసటి ఏడాది అక్కడ తవ్వితే మనిషి వెంట్రుకలతో అల్లిన పట్టీ ముక్క దొరికింది, వయసు 4 వేల ఏళ్లు. డీఎన్ఏ పరీక్ష చేస్తే, ఇప్పటికీ ఆ నేల మాదే అంటున్న ఆదివాసుల పూర్వీకులదని తేలింది. అంత తెలిశాక కూడా, ఒకసారి ఇచ్చిన అనుమతిని తిరగదోడే వీలు అప్పటి చట్టంలో లేకపోయింది. గుహల జోలికి పోకుండా తవ్వే ప్లాన్లు మూడు కంపెనీ దగ్గరే ఉన్నాయని తర్వాత పార్లమెంటు విచారణలో బయటపడింది, ఖనిజం ఎక్కువొస్తుందని నాలుగోది పట్టుకున్నారంతే. చివరికి సీఈవో సహా ముగ్గురు పెద్దల పదవులు పోయాయి.

ఇక మ్యూజియం మాట. కొన్నిసార్లు అదొక్కటే దిక్కు, కాదనను. నాగార్జునసాగర్ నీళ్లు వచ్చేలోగా, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి కొండ మీదా అనుపులోనూ మళ్లీ పేర్చారు. అదైనా జరిగింది, సంతోషం. కానీ విగ్రహం ఒక్కటే తెచ్చుకుంటే అది ఏ పొరలో, ఏ గోడ పక్కన, ఏ బూడిద మీద పడి ఉందో పోతుంది. అసలు సమాచారమంతా అందులోనే ఉంటుంది: బొగ్గు ముక్కతో కాలం లెక్కకట్టొచ్చు, మాడిన గింజలతో ఏం పండించుకుని తిన్నారో చెప్పొచ్చు. జేసీబీ ఒక్క పూటలో అన్నిటినీ కలిపేస్తుంది.

దీనికి మందు కొత్తదేం కాదు. ఐరోపా దేశాలు 1992లో వాలెట్టాలో చేసుకున్న ఒప్పందం ప్రకారం పురావస్తు నిపుణులు ప్లానింగ్ దశలోనే కూర్చోవాలి, తవ్వకాల ఖర్చు ప్రాజెక్టు బడ్జెట్‌లోనే ఉండాలి. అయినా ఆలస్యాలు తప్పవనుకోండి. గ్రీస్‌లో థెస్సలొనీకి మెట్రో పనులు 2006లో మొదలైతే రైలు 2024లో గానీ కదల్లేదు. రోమన్ల నాటి వీధి బయటపడిందని అందరూ దాన్నే తిడతారు గానీ, మధ్యలో డబ్బుల్లేక పనులు ఆగిన సంగతి ఎవరూ ఎత్తరు.

ఇంకో మాట, ఇది మీ వైపు నుంచి. రక్షిత స్థలమని గీత గీసేసి, దాని పక్కన బతికేవాళ్లని ఇంటికి ఒక గది కూడా వేసుకోనివ్వకుండా ఏళ్ల తరబడి ఫైళ్ల చుట్టూ తిప్పడం అన్యాయమే. పరిహారమో, వేరే చోట స్థలమో, అదీ ప్రాజెక్టు లెక్కలోనే రాయాలి. ఈసారి ప్రజాభిప్రాయ సేకరణ అంటూ ఎవరైనా వస్తే ఒక్కటి అడగండి: పురావస్తు సర్వే అలైన్‌మెంట్ (అంటే రోడ్డు ఏ దారిన పోవాలన్నది) ఖరారు కాకముందు చేశారా, అయ్యాక చేశారా?